చిట్టెలుక ఊపిరికి మీజాన్

"షుగర్‌కి ఇక చెక్!", "మధుమేహం మటుమాయం!" ఇలాంటి సుర్ఖీలు మన తెలుగు పత్రికల్లో తరచూ కనిపిస్తుంటాయి. పైన ఇంత లావు అక్షరాలు, లోపల ఒక ఇంజెక్షన్ బొమ్మ. ఓపికగా చివరిదాకా చదివితే ఆఖరి పేరాలో "ఎలుకల మీద జరిపిన ప్రయోగాల్లో" అనే ముక్క తగులుతుంది. అంతదాకా చదివేవాళ్లు ఎందరుంటారు? ఆ కటింగు సాయంత్రానికి వాట్సాప్‌లో మా మొహల్లాకి చేరిపోతుంది. నేను అఖ్బార్‌వాలాని కాబట్టి సలామ్ చెప్పాక మొదటి సవాల్ అదే. "భాయ్, షుగర్‌కి పక్కా ఇలాజ్ దొరికిందట కదా, ఇక గోలీలు ఆపేయొచ్చా?"

నవ్వుకుని వదిలేసే సవాల్ కాదిది. 2023లో ఐసీఎంఆర్ సర్వే మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకి పైనే అని లెక్క తేల్చింది. మా అమ్మీ కూడా ఆ లెక్కలో ఒకతె. ఏ ఇంటి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నా మీఠా ప్లేటుని పక్కకి జరిపే చెయ్యి ఒకటి కనిపిస్తుంది. అలాంటి ఇంట్లో ఒక తప్పుడు ఉమ్మీద్ వల్ల ఎవరైనా ఇన్సులిన్ మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఆ చిట్టెలుక వెనక ఉన్న తారీఖ్ ఏమిటో చూద్దామని కూర్చున్నాను. ఎలుకకి నయమైందంటే అది ఝూట్ అని నేననడం లేదు. చాలాసార్లు అది సచ్చే. కానీ ఏ త్రాసులో తూచి ఆ మాటన్నారు? ఆ ఎలుకని ఏ గదిలో పెట్టారు? ఎంతసేపు పస్తు ఉంచారు? వచ్చిన లెక్కని దేనితో భాగించారు? ఇవి తెలియకుండా ఆ మాటకి మతలబ్ లేదు. ఉర్దూలో త్రాసుని మీజాన్ అంటాం. 1940లలో హైదరాబాద్‌లో ఆ పేరుతోనే ఒక పత్రిక ఉండేది, తెలుగు 'మీజాన్'కి అడవి బాపిరాజు గారు సంపాదకులు. తూచి మాట్లాడమని పేరులోనే చెప్పుకున్న పత్రిక అది. షుగర్ వార్తకీ కావలసింది ఆ మీజానే.

జీవక్రియ అనే మాట పుస్తకాల్లో పెద్దగా కనిపిస్తుంది గానీ సంగతి సాదా. తిన్నది ఒంట్లో ఏమైంది, ఎంత కాలింది, ఎంత దాచిపెట్టుకుంది అనే హిసాబ్ అది. ఇంటి ఆమ్దనీ, ఖర్చు, బచత్ లాంటిదే. షుగర్ జబ్బులో ఆ హిసాబే తారుమారవుతుంది. ఇన్సులిన్ లేకనో, ఉన్నా ఒళ్లు దాని మాట వినకనో, రక్తంలో చక్కెర వాడకం లేకుండా పేరుకుపోతుంది.

ఈ హిసాబ్ రాసే పనిలో ఎలుక ఎప్పుడో చేరింది. ఇంగ్లండ్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే పాదరీ 1774లో పాదరసం భస్మాన్ని వేడిచేసి ఒక కొత్త గాలి పట్టాడు. అది ఎంత మంచిదో చూడటానికి ఆయన దగ్గర మీటర్లు లేవు. చిట్టెలుక ఉంది. మూసిన గాజు పాత్రలో మామూలు గాలి పోసి వదిలితే ఎలుక పావుగంట తట్టుకుంటుందని ఆయన అందాజా. కొత్త గాలిలో అది అరగంట ఉంది, బయటికి తీశాక తేరుకుంది కూడా. ఆ గాలికే తర్వాత ఆక్సిజన్ అని పేరొచ్చింది. అప్పటికి ఎలుకే కొలమానం, దాని ఊపిరే గడియారం.

తర్వాతి అడుగు పారిస్‌ది. 1782-83 చలికాలంలో లావోజియే, లాప్లాస్ ఇద్దరూ కలిసి లోహపు పాత్ర ఒకటి చేయించారు. మధ్యలో ఒక బుట్ట, దాని చుట్టూ మంచు, ఆ మంచు చుట్టూ మళ్లీ మంచు. బయటి మంచు గదిలోని వేడిని ఆపుతుంది. లోపలి మంచుని జానవర్ ఒంటి వేడి కరిగిస్తుంది. కారిన నీళ్లని తూస్తే ఆ జానవర్ ఎంత వేడి పుట్టించిందో తెలుస్తుంది. వాళ్లు బుట్టలో పెట్టింది ఎలుకని కాదు, దాని దూరపు రిష్తేదార్ గినీ పిగ్‌ని. పది గంటల్లో సుమారు 13 ఔన్సుల మంచు కరిగింది. ఆ జానవర్ వదిలే బొగ్గుపులుసు వాయువుని వేరేగా కొలిచి, అంత వాయువు రావాలంటే ఎంత బొగ్గు కాలాలో, ఆ మంటకి ఎంత మంచు కరగాలో లెక్క కట్టారు. పదిన్నర ఔన్సుల దగ్గర ఆగింది. అయినా రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా ఉండటంతో అసలు సంగతి బయటపడింది. ఊపిరి కూడా ఒక మంటే, చిరాగ్‌లా నిదానంగా కాలే మంట. ఒంటి వేడి ఆ మంటదే.

మరి ఆ రెండున్నర ఔన్సుల ఫరక్ ఎక్కడిది? ఆ చలి పెట్టెలో జానవర్ కాళ్లూ చెవులూ చల్లబడి, ఒంట్లో ముందే ఉన్న వేడి కూడా కొంత బయటికి పోయి ఉంటుందని వాళ్లు జవాబిచ్చారు. మొట్టమొదటి కొలతలోనే చలి వచ్చి వేలు పెట్టిందన్నమాట. ఈ సంగతి కాస్త యాద్ ఉంచుకోండి, మళ్లీ పని పడుతుంది. లావోజియే మాత్రం ఈ పని ఎంతో దూరం తీసుకెళ్లలేకపోయాడు. ఒకప్పుడు రాజు తరఫున పన్నులు వసూలు చేసే కంపెనీలో భాగస్వామి అన్న ఇల్జామ్ మీద 1794 మే 8న ఆయన తల తీశారు.

19వ శతాబ్దంలో మంచు పక్కకి పోయి కొలత గాలికి మారింది. వేడిని నేరుగా పట్టుకోవడం ముష్కిల్. లోపలికెళ్లే ఆక్సిజన్, బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ తెలిస్తే చాలు, వేడిని లెక్కకట్టవచ్చు. 1892లో ఇంగ్లండ్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ చిన్న జానవర్ల కోసం ఒక ఏర్పాటు రాశాడు. జానవర్ ఉన్న గదిలోంచి గాలిని లాగి, తేమని ఒక సీసాలో, కార్బన్ డయాక్సైడ్‌ని ఇంకో సీసాలో పట్టి, సీసాల బరువు ముందూ వెనకా తూచడం. చూశారా, మళ్లీ త్రాసే.

ఈ పద్ధతి ఇంకో రాజ్ కూడా చెప్పింది. ఒళ్లు పిండిపదార్థం కాలుస్తుంటే ఎంత ఆక్సిజన్ తీసుకుంటే అంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నిష్పత్తి 1. కొవ్వు కాలుస్తుంటే అది 0.7కి దిగుతుంది. ఎలుక నోరు విప్పి చెప్పకపోయినా అది రోటీ కాలుస్తోందా, చర్బీ కాలుస్తోందా అని ఊపిరే గవాహీ ఇస్తుంది. 1949లో వీర్ అనే ఆయన ఈ రెండు వాయువుల కొలతల నుంచి కేలరీలు తేల్చే సూత్రం రాశాడు. ఇప్పటికీ ఎలుక పంజరాల పక్కన కంప్యూటర్లు ఆ సూత్రాన్నే వాడుతున్నాయి.

త్రాసు సిద్ధమైంది. ఇక అందులో పెట్టే ఎలుక సంగతి. తెలుగులో చిన్నదాన్ని చిట్టెలుక అంటాం, ఉర్దూలో చుహియా. లేబొరేటరీ చిట్టెలుక బరువు దాదాపు 25 గ్రాములు, ఐదారు చెంచాల చక్కెరంత. అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రం గ్రాన్బీ అనే ఊళ్లో ఆబీ లాత్రోప్ అనే మాజీ టీచరమ్మ 1900 తర్వాత ఎలుకల ఫారం పెట్టింది. శౌక్‌గా పెంచుకునేవాళ్లకి రంగురంగుల ఎలుకలు అమ్మడం ఆమె కారోబార్. తర్వాత ప్రయోగశాలలు కూడా కొనసాగాయి. ఆమె ఫారం సంతతిలోని 57వ నంబరు ఆడ ఎలుక నుంచి 1921లో క్లారెన్స్ కుక్ లిటిల్ ఒక నల్ల ఖాందాన్‌ని నిలబెట్టాడు. పేరు సి57 బ్లాక్. అన్నాచెల్లెళ్లనే తరం తర్వాత తరం జతకట్టిస్తే ఇరవై తరాలకి ఎలుకలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. అప్పుడు ఒక ఎలుకలో ఫరక్ కనిపిస్తే అది ప్రయోగం వల్ల వచ్చిందా, పుట్టుకతో వచ్చిందా అనే గొడవ తగ్గుతుంది. చిట్టెలుక జీనోమ్‌ని మొదటిసారి చదివి 2002లో ప్రకటించింది కూడా ఈ ఖాందాన్ నుంచే.

1929లో లిటిల్ మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో జాక్సన్ లేబొరేటరీ పెట్టాడు. 1947 అక్టోబరులో అడవి మంట ఊరి మీద పడి లేబొరేటరీ కాలిపోయింది. ఎలుకలు దాదాపు అన్నీ పోయాయి. అంతకుముందు ఇక్కడి నుంచి ఎలుకలు తీసుకెళ్లిన ప్రయోగశాలలు జతలు జతలుగా తిరిగి పంపాయి, ఖాందాన్లు మళ్లీ నిలబడ్డాయి. మనిషికి మనిషి ఇచ్చుకున్న అమానత్ అలా వాపస్ వచ్చింది.

రెండేళ్లకే, 1949లో, అదే చోట అందరికంటే లావుగా పెరిగిపోతున్న ఎలుకలు కనిపించాయి. మామూలు వాటికి మూడింతల దాకా బరువు. ఇంగల్స్, డికీ, స్నెల్ అనే ముగ్గురు 1950లో వీటి గురించి రాస్తూ ఆ జన్యువుకి 'ఓబీ' అని పేరు పెట్టారు. 1966లో అక్కడే ఇంకో లావు ఖాందాన్ గురించి రాశారు. దానికి షుగర్ కూడా బాగా ఎక్కువ, అందుకని పేరు 'డీబీ'.

డగ్లస్ కోల్మన్ అనే కెనడా శాస్త్రవేత్త ఈ రెంటినీ పట్టుకున్నాడు. ఆయన పద్ధతి వింటే దిల్ కాస్త బరువెక్కుతుంది. రెండు ఎలుకల్ని పక్కపక్కన పెట్టి చర్మం కుట్టేస్తారు. కొన్ని రోజులకి ఒకదాని రక్తం రెండోదానిలోకి కొద్దికొద్దిగా పారుతుంది. డీబీ ఎలుకతో మామూలు ఎలుకని జతచేస్తే మామూలుది తిండి మానేసి చచ్చిపోయింది. డీబీతో ఓబీని కలిపితే ఓబీ తిండి మానేసింది. కోల్మన్ తీసిన నతీజా ఇది. "కడుపు నిండింది, ఇక చాలు" అని చెప్పే పైగామ్ ఒకటి రక్తంలో తిరుగుతోంది. ఓబీకి ఆ పైగామ్ పంపేవాడు లేడు. డీబీకి పైగామ్ బోలెడు ఉంది, వినే చెవి లేదు. చాలామంది నమ్మలేదు. లావు అంటే తిండి మీద కాబూ లేకపోవడమేనని అప్పటి మాట. 1994 డిసెంబరులో న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందం ఓబీ జన్యువుని పట్టుకుంది. అది తయారుచేసే హార్మోనుకి లెప్టిన్ అని పేరు పెట్టారు, గ్రీకులో సన్నం అని అర్థం. మరుసటి ఏడాది డీబీలో పాడైన చెవి, అంటే లెప్టిన్ రిసెప్టర్, కూడా దొరికింది.

సుర్ఖీల ఖిస్సా ఇక్కడే మొదలైంది. 1995లో లెప్టిన్ సూది వేసిన ఓబీ ఎలుకలు సన్నబడ్డాయి. లావు ఎలుక పక్కన సన్న ఎలుక ఉన్న ఫొటో దునియా అంతా తిరిగింది. ఆమ్జెన్ అనే కంపెనీ అప్పటికే 2 కోట్ల డాలర్లు పెట్టి హక్కులు కొనేసింది. ఊబకాయం పని ఖతమ్ అనుకున్నారు. తీరా మనుషుల రక్తం కొలిస్తే లావుగా ఉన్నవాళ్లలో లెప్టిన్ తక్కువ లేదు, ఎక్కువే ఉంది. సూదులు వేసి చూశారు, అనుకున్నంత అసర్ రాలేదు. మనలో ఎక్కువమంది ఓబీ ఎలుక లాంటివాళ్లం కాదు.

అయితే కొద్దిమంది అచ్చం అలాంటివాళ్లే. 1997లో కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ ఓరహిలీ, సదాఫ్ ఫారూఖీ ఉన్న బృందం ఇద్దరు పిల్లల గురించి రాసింది. పాకిస్తాన్ మూలాలున్న ఒకే ఖాందాన్, ఒకరికొకరు కజిన్లు. ఎనిమిదేళ్ల అమ్మాయి 86 కిలోలు, రెండేళ్ల అబ్బాయి 29 కిలోలు. ఇద్దరి ఒంట్లోనూ లెప్టిన్ దాదాపు లేదు. తరతరాలుగా ఖాందాన్‌లోనే రిష్తాలు కలుపుకోవడం వల్ల పాడైన జన్యువు అమ్మ వైపు నుంచీ అబ్బా వైపు నుంచీ వచ్చి కలిసింది. లెప్టిన్ సూది మొదలుపెట్టాక ఆ అమ్మాయి ఆకలి తగ్గింది, బరువు దిగింది. చాచా బిడ్డ, మామూ బిడ్డ అని సంబంధాలు కలుపుకునే మా ఇళ్లలో ఈ ఖిస్సా చెప్పుకోవాలి, భయపెట్టడానికి కాదు. అదుపులేని ఆకలితో ఏడ్చే బిడ్డని తిండిపోతు అని తిట్టకుండా ముందు దవాఖానాకి తీసుకెళ్లాలని చెప్పడానికి. ఎలుక మీద దొరికిన ఇలాజ్ ఎందుకు పనిచేస్తుందో, ఎవరికి పనిచేస్తుందో రెండూ ఈ ఒక్క కథలో ఉన్నాయి.

ఇక ఇప్పటి పంజరాల దగ్గరికి వద్దాం. గాలి వెళ్లే గొట్టం, వచ్చే గొట్టం, తిండి గిన్నె కింద త్రాసు, కదలికని లెక్కపెట్టే కనిపించని కిరణాలు. రోజుల తరబడి రాత్రీపగలూ లెక్క రాసుకుంటుంది. ఇంత మషీనరీ ఉన్నాక గల్తీ ఎక్కడుంటుంది? భాగహారంలో ఉంటుంది. అనుకుందాం, 25 గ్రాముల సన్న ఎలుక రోజుకి 10 కేలరీలు కాల్చింది, 50 గ్రాముల లావు ఎలుక 13 కాల్చింది. లావుది ఎక్కువే కాల్చింది కదా? కానీ గ్రాముకి ఎంత అని భాగిస్తే సన్నదానికి 0.40, లావుదానికి 0.26. చూశారా, లావుది బద్ధకం ఎలుక, తక్కువ కాలుస్తోంది, అందుకే లావెక్కింది అని ఫైసలా చేసేయొచ్చు. చాలా ఏళ్లు చాలా పేపర్లలో అలాంటి ఫైసలాలే వచ్చాయి. కానీ చర్బీ అనేది గోదాంలో బస్తాల లాంటిది, అది పెద్దగా తినదు. ఒక ఇంటి కరెంటు బిల్లుని ఇంట్లో మనుషులతో పాటు బియ్యం బస్తాల్ని కూడా తలలుగా లెక్కేసి భాగించి, "వీళ్లెంత పొదుపరులో!" అన్నట్టుంటుంది. 2010లో బట్లర్, కొజాక్, 2012లో షాప్ బృందం ఈ భాగహారం వద్దని గట్టిగా రాశారు. బరువుని, అందులో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నదాన్ని విడిగా లెక్కలోకి తీసుకునే పద్ధతి వాడమన్నారు.

రెండో చిక్కు చలి, యాద్ ఉంచుకోమన్నానే, అది. ప్రయోగశాలల్లో 20 నుంచి 24 డిగ్రీల వేడి ఉంచుతారు. బట్టలు తొడుక్కున్న మనిషికి అది హాయి. చిట్టెలుకకి మాత్రం 30 డిగ్రీల దగ్గర ఆరామ్. 22 డిగ్రీల గదిలో అది పగలూ రాత్రీ ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే చాలా కేలరీలు తగలేస్తుంది. అంటే చలికి వణికే ఎలుక మీద పరీక్షించి, మే నెల ఎండలో నడిచే హైదరాబాదీకి ఫత్వా ఇస్తున్నామన్నమాట. ఇది హవాయి మాట కాదు. ఒంట్లో వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వులో యూసీపీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. అది లేని ఎలుకలు చలికి తట్టుకోలేవు గానీ లావెక్కడం లేదని 1997లో తేలింది. సరే, లావుకీ దీనికీ తాల్లుక్ లేదనుకున్నారు. 2009లో స్టాక్‌హోమ్‌లో నెడర్‌గార్డ్, కానన్ బృందం అవే ఎలుకల్ని 30 డిగ్రీల దగ్గర పెట్టి చూసింది. లావెక్కాయి! ఎలుక అదే, జన్యువు అదే. గది మీటరు మారితే జవాబు తిరగబడింది.

మూడోది పస్తు. మనం ఫాస్టింగ్ షుగర్ కోసం రాత్రి తిని పొద్దున ఖాళీ కడుపుతో రక్తం ఇస్తాం. అదే తరీఖాలో ఎలుకకి కూడా రాత్రంతా తిండి తీసేసేవాళ్లు. కానీ ఎలుక తినేది రాత్రిపూటే, దాని హండీలో మంట మనకంటే ఎంతో జోరు. ఒక్క రాత్రి పస్తుకి ఒంటి బరువులో పదోవంతుకి పైగా పోతుంది. సహరీ నుంచి ఇఫ్తార్ దాకా మనముండే రోజాతో దీన్ని పోల్చలేం, అది దానికి ఫాఖా, కరువు. కరువులో ఉన్న ఒంటికి చక్కెర ఇచ్చి ఎలా వాడుతుందో చూస్తే వచ్చే జవాబు వేరే. అందుకే ఐదారు గంటల పస్తు చాలని 2010లో అమెరికాలోని ఎలుకల జీవక్రియ కేంద్రాల శాస్త్రవేత్తలు రాసిన మార్గదర్శకం చెప్పింది. ఆ కేంద్రాలని ఎన్‌ఐహెచ్ 2001లో మొదలుపెట్టింది. ఒక్కో ప్రయోగశాల ఒక్కోలా కొలిస్తే ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదని, కొలిచే పని తెలిసిన చోట కొలిపించాలని వాళ్ల మక్సద్.

అన్నిటికంటే నాజూకైన పరీక్ష పేరు క్లాంప్. 1979లో డీఫ్రాంజో, టోబిన్, ఆండ్రెస్ దీన్ని మనుషుల కోసం రాశారు. ఒక నాళం లోంచి ఇన్సులిన్ ధారగా ఎక్కిస్తారు. దానికి చక్కెర పడిపోతుంది కదా, పడిపోకుండా ఇంకో ధారలో గ్లూకోజ్ ఇస్తూ రక్తంలో చక్కెరని ఒకే గీత మీద నిలబెడతారు. ఎంత గ్లూకోజ్ ఇవ్వాల్సి వస్తే ఒళ్లు ఇన్సులిన్ మాట అంత బాగా వింటున్నట్టు. ఇదే పనిని చిట్టెలుకకి చేయాలి. దాని ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే సుమారు 2 మిల్లీలీటర్లు, చెంచాలో సగం కూడా కాదు. దాంట్లోంచి పది నిమిషాలకోసారి చుక్క తీయాలి. మెడ నాళాల్లో సన్నని గొట్టాలు అమర్చి, రోజుల తరబడి కోలుకోనిచ్చి, అది తన పంజరంలో తిరుగుతుండగానే కొలుస్తారు. ఎందుకంటే చేత్తో ఒడిసిపట్టి తోక కోస్తే భయంతో దాని చక్కెర పెరుగుతుంది. డాక్టరు గదిలో బీపీ పెరిగే మనుషుల్లాగే. బేజుబాన్ జానవర్‌ని నెమ్మదిగా చూసుకోవడం దయ మాత్రమే కాదు, సరైన లెక్కకి షరతు కూడా.

ఖాందాన్ మాట కూడా మరవొద్దు. కోల్మన్ డీబీ జన్యువుని ఒక ఖాందాన్‌లో పెడితే షుగర్ ముదిరి ఎలుక తొందరగా పోయింది. సి57 బ్లాక్‌లో పెడితే లావెక్కింది గానీ షుగర్ అంతగా ముదరలేదు. తర్వాత 2005లో తేలిందేమంటే, జాక్సన్‌లో పెరిగిన ఆ నల్ల ఎలుకల్లోనే ఎన్‌ఎన్‌టీ అనే జన్యువు పాడై ఉంది, అందుకే వాటి ఇన్సులిన్ విడుదల కాస్త బలహీనం. పక్క లేబొరేటరీలో అదే పేరున్న ఎలుకకి ఆ లోపం లేదు. పేరు ఒకటే, తక్దీర్ వేరు.

ఇంతా విని ఎలుక పరిశోధన దండగ అనుకోవద్దు. 1980లో జపాన్‌లో మాకినో బృందం ఎన్‌ఓడీ అనే ఎలుకల గురించి రాసింది. వీటికి పిల్లలకొచ్చే టైప్ 1 షుగర్ లాంటిది తనంతట తాను వస్తుంది, ఆడవాటికి ఎక్కువ. ఈ ఎలుకల్లో నయం చేసిన మందులు ఎన్నో, మనిషిలో అక్కరకొచ్చినవి చాలా తక్కువ. కానీ 1994లో పారిస్‌లో లూసియెన్ షాతెనూ బృందం ఒక తరహా యాంటీబాడీతో ఈ ఎలుకల షుగర్‌ని వెనక్కి మళ్లించింది. అదే తరహా మందు టెప్లిజుమాబ్‌కి 2022 నవంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. అది షుగర్‌ని మాయం చేయదు, రాబోయేవాళ్లకి సగటున రెండేళ్లు ఆలస్యం చేస్తుంది. ఎలుక నుంచి మనిషి దాకా 28 ఏళ్లు పట్టింది. ఒక పిల్లాడికి సూదుల్లేని రెండేళ్ల బచ్‌పన్ తక్కువేమీ కాదు.

ఈ తారీఖ్‌లో మన హైదరాబాద్ వాటా కూడా ఉంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూర్‌లో ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పని, 1958లో హైదరాబాద్ చేరి, జాతీయ పోషకాహార సంస్థగా ఉస్మానియా యూనివర్సిటీ పక్కన తార్నాకలో నిలబడింది. మెక్‌కారిసన్ దేశంలో ఒక్కో ఇలాఖా తిండిని ఎలుకలకి పెట్టి చూసినవాడు. ఆ సంస్థ జంతు కేంద్రంలో పెరిగిన ఎలుకల ఖాందాన్‌లోనే 1990లలో తమంతట తామే లావెక్కే ఎలుకలు కనిపించాయి. ఇవి చిట్టెలుకలు కావు, రాట్ జాతివి. తిండి ఎక్కువ తింటాయి, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ, రక్తంలో కొవ్వు ఎక్కువ, పిల్లలు పుట్టరు. వీటిలోంచే చక్కెరని సరిగ్గా తట్టుకోలేని ఇంకో శాఖ కూడా తీశారు. బార్ హార్బర్‌లో కోల్మన్ అడిగిన సవాలే తార్నాకలోనూ అడుగుతున్నారు.

కాబట్టి సబ్ ఎడిటర్ భాయీలకి నా గుజారిష్ ఒకటే. "ఎలుకల్లో" అన్న మాటని ఆఖరి పేరా నుంచి సుర్ఖీలోకి తెండి. కాపీ పంపినవాణ్ని నాలుగు సవాళ్లు అడగండి. ఏ ఖాందాన్ ఎలుకలు, మగవా ఆడవా? గది ఎంత వేడి? ఎన్ని గంటల పస్తు? లెక్కని దేనితో భాగించారు? జవాబు లేకపోతే వార్త ఒక రోజు ఆగినా నుక్సాన్ లేదు.

చదివేవాళ్లకి ఇంకో మాట. ఫార్వర్డ్ ఎంత ఖుష్‌ఖబ్రీ మోసుకొచ్చినా, మీ డాక్టరు రాసిన గోలీ, ఇన్సులిన్ ఆయన్ని అడగకుండా ఒక్కపూట కూడా ఆపొద్దు. టెప్లిజుమాబ్‌లా ఆ ఖబర్ మీ చీటీ మీదికి రావడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టొచ్చు, లెప్టిన్‌లా అది మీ జబ్బు ఖబరే కాకపోవచ్చు. ఈ మధ్యలో మీ రక్తంలో చక్కెర ఎవరి కోసమూ ఆగదు.